గుమ్మడివలస ఆసుపత్రిలో ఆఖరి మంచం

రోగులు పడుకోబట్టే రోగాలు ముదురుతున్నాయని పైవాళ్ళు కనిపెట్టేనాటికి, గుమ్మడివలస ఏరియా ఆసుపత్రిలో హెడ్ నర్సు మార్తమ్మకు ఇరవై ఆరేళ్ళ సర్వీసు పూర్తయింది. అన్నేళ్ళూ ఆవిడ వచ్చిన ప్రతి రోగినీ పడుకోమనే చెప్పింది. ఆ పాపం ఎంతమందికి తగిలిందో ఒకసారి తలుచుకోమని సూపరింటెండెంటు డాక్టర్ దక్షిణామూర్తిగారు మీటింగులో అందరిముందూ అన్నారు. మార్తమ్మ తలుచుకుంది. ఏమీ తోచకపోవడంతో, మీటింగులో పెట్టిన బిస్కెట్లు రెండు తిని వార్డుకి వెళ్ళిపోయింది.

వచ్చిన సర్క్యులరు ఇలా ఉంది: "పై సూచికలను పురస్కరించుకొని తెలియజేయునదేమనగా, గర్భసంచి జారిన స్త్రీలకు చేయు శస్త్రచికిత్సలన్నియు ఇకమీదట శయనరహిత విధానములో జరుపవలెను. ఉదయము వచ్చిన లబ్ధిదారు సాయంత్రము ఐదు గంటలలోపు స్వగృహమునకు పయనము కావలెను. ఐదు దాటి మిగిలిన లబ్ధిదారును నిల్వగా పరిగణించి, సంబంధిత అధికారి నుండి సంజాయిషీ కోరబడును." కింద పెద్ద అక్షరాలతో ఒక నినాదం: పడకే పెద్ద రోగం.

ఉన్నమాట చెప్పుకోవాలంటే అందులో సబబు లేకపోలేదు. కాన్పు మీద కాన్పు అయి, బరువు మీద బరువు మోసిన ఆడదానికి లోపలి కట్లు సడలిపోయి గర్భసంచి కిందికి దిగిపోతుంది. దాన్ని సరిచేసి కుట్టడం డాక్టర్ వసుంధరకు గంటన్నర పని. ఆవిడ చెయ్యి అంత మంచిది. మత్తు దిగి, మూత్రం సాఫీగా అయి, నొప్పి అదుపులో ఉంటే సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. ఇంట్లో ఒక మంచమూ, ఆ మంచం పక్కన ఒక మనిషీ ఉంటే సరి. ఈ ఆఖరి ముక్క సర్క్యులరులో లేదు. గుమ్మడివలస చుట్టుపక్కల ఇళ్ళల్లోనూ లేదు.

దక్షిణామూర్తిగారు చెడ్డవాడేమీ కాదు. పైనుంచి ఒక మాట వస్తే దాన్ని పైవాళ్ళు అనుకున్నదానికంటే నాలుగాకులు ఎక్కువ చదివి అమలు చేసే మనిషి, అంతే. ఐదింటికల్లా వెళ్ళిపోయే రోగికి మంచం దేనికని ఆలోచించారు. మంచం కనిపిస్తే మనిషికి పడుకోబుద్ధి పుడుతుందని తేల్చారు. వారం తిరిగేసరికి ఆడవాళ్ళ వార్డులో ముప్ఫై మంచాల్లో ఇరవైతొమ్మిదిటిని తీయించి ఆసుపత్రి వెనక షెడ్డులో పడేయించారు. వాటి స్థానంలో, వీపు ఆనించడానికి వీల్లేని స్టీలు బల్లలు వేయించారు. ఆపరేషన్ అయిన ఆడవాళ్ళు ఆ బల్లల మీద వరసగా కూర్చుని, పక్కవాళ్ళ భుజం మీద తల పెట్టుకుని మత్తు దించుకునేవారు.

ఇంటికి పంపాలంటే మూత్రం కావాలి. అది కాకుండా పంపనని డాక్టర్ వసుంధర మొండికేసింది. అందుకని నాలుగింటిలోపు మూత్ర విసర్జన పూర్తి చేయించాలని ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఆడవాళ్ళకి స్ఫూర్తి కలగాలని దక్షిణామూర్తిగారు మూడున్నరకల్లా వరండాలో కుళాయిలన్నీ తిప్పించేవారు. నాలుగు రోజులకి ట్యాంకు ఖాళీ అయి ఆపరేషన్ థియేటరులో చేతులు కడుక్కోవడానికి నీళ్ళు లేకపోయాయి గానీ, ఆ మధ్యాహ్నాల్లో ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయని నివేదిక మాత్రం వెళ్ళింది.

అసలు కథ కిట్టుతో మొదలైంది. సాయంత్రానికే ఇంటికి వెళ్ళిన ప్రతి లబ్ధిదారుకూ ప్రోత్సాహకంగా ఒక 'గృహోన్ముఖ కానుక' ఇవ్వాలని పైనుంచి మంజూరైంది. ఐదు కిలోల బియ్యం, కుక్కరు, ఇనప పెనం, దుప్పటి, వీటన్నిటినీ పెట్టిన మూతబకెట్టు. మొత్తం పద్నాలుగు కిలోలు. దళారులు మధ్యలో నొక్కేయకుండా ఆ బకెట్టును లబ్ధిదారు తన రెండు చేతులతో ఛాతీ దాకా ఎత్తి పట్టుకున్న ఫొటోను యాప్‌లో ఎక్కించాలి. మొహం సరిపోలితేనే డిశ్చార్జి చీటీ అచ్చవుతుంది. ఆ చీటీలో మొదటి వాక్యం: ఆరు వారాల వరకు రెండు కిలోలకు మించి బరువు ఎత్తరాదు.

మార్తమ్మ ఆ చీటీ పట్టుకుని సూపరింటెండెంటు గదికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివి, ఇందులో వైరుధ్యం ఏమీ లేదన్నారు.

"ఆ ఆంక్ష ఇంటికి వెళ్ళాక వర్తిస్తుంది సిస్టర్. ఆసుపత్రి ఆవరణలో ఉన్నంతసేపూ లబ్ధిదారు మన వైద్య పర్యవేక్షణలోనే ఉంటుంది. కనుక ఇక్కడ ఎత్తడం సురక్షితం."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. మార్తమ్మ విని వచ్చేసింది.

సూరీడమ్మ అలా ఎత్తినవాళ్ళలో ఒకతి. ఇటుకబట్టీలో పనిచేస్తుంది, నెత్తిన పదహారు ఇటుకలు మోస్తుంది. ఆవిడకి జారి ఎనిమిదేళ్ళు. అన్నేళ్ళూ పాతచీర ముక్క గోచీలా బిగించుకుని పనిలోకి వెళ్ళింది. ఎవరితోనైనా చెప్పుకునే జబ్బా అది? పొద్దున ఆపరేషన్ అయింది, సాయంత్రం నాలుగూ నలభైకి బకెట్టు ఎత్తింది. మొదటి ఫొటోలో కళ్ళు మూసుకుందని ఫొటోలు తీసే ఆపరేటరు ఇంకోసారి ఎత్తించాడు. ఆ రెండోసారి ఆవిడ మొహంలోకి వచ్చిన బాధను యాప్ చిరునవ్వుగా గుర్తించి ఆకుపచ్చ టిక్కు పెట్టింది. ఆటో దిగి ఇంటికెళ్ళేసరికి పొయ్యి ఆరిపోయి ఉంది, బిందెలు ఖాళీగా ఉన్నాయి. మొగుడు అప్పన్న గడప మీద కూర్చుని, వచ్చావా, టీ పెట్టు అన్నాడు.

ఇరవై రోజులకి సూరీడమ్మ మళ్ళీ వచ్చింది. కుట్లు జారిపోయాయి. అలా తిరిగొచ్చినవాళ్ళు అప్పటికి పదకొండు మంది. దక్షిణామూర్తిగారు వాళ్ళకి 'పునర్దర్శన లబ్ధిదారులు' అని పేరు పెట్టి కొత్త కేసుల కింద చేర్చారు. దాంతో ఆపరేషన్ల సంఖ్యలో గుమ్మడివలస జిల్లాలో మొదటి స్థానానికి ఎక్కింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ ఊడిన నాలుక్కి కూడా మార్కులు పడ్డాయి.

డాక్టర్ వసుంధర సూరీడమ్మను పరీక్ష చేసి, చేతులు కడుక్కుని, మార్తమ్మను పక్కకి పిలిచింది. గురువారం మళ్ళీ కుడతానంది. ఇదే ఆఖరన్నది. "చివికిన గుడ్డ ఎన్నిసార్లని కుట్టు పట్టుకుంటుంది సిస్టర్? ఈసారి ఆరువారాలు నడుం వాల్చి ఉండాలి. ఇంటికి పంపితే మళ్ళీ జారుతుంది. అప్పుడిక నా చేతుల్లో ఏమీ ఉండదు."

మార్తమ్మ సూరీడమ్మ దగ్గరికెళ్ళి, ఇంట్లో ఆరువారాలు పడుకోగలవా అని అడిగింది. సూరీడమ్మకి ఆ ప్రశ్న అర్థం కాలేదు.

"ఏటి సిస్టరమ్మా, పడుకుంటే నీల్లెవులు తెస్తారు? గేదికి గడ్డెవులేస్తారు? నాను సచ్చిపోతే పడుకుంటాను గానీ, బతికుండగా ఎలగ పడుకుంటాను?" అంది, తెలియనిది ఏదో నేర్పమన్నట్టుగా.

ఆ ఇరవై ఆరేళ్ళలో మార్తమ్మ చాలా చావులు చూసింది. మనిషి చావకుండా పడుకోవడానికి చోటు లేకపోవడం మాత్రం అదే మొదటిసారి చూడటం. ఆవిడకి కోపం వచ్చింది. ఆ కోపం సూపరింటెండెంటు మీదకు పోకుండా, కారిడారు చివర తాళంవేసిన గది మీదకు పోయింది.

ఆ గదిలో ముప్ఫయ్యో మంచం ఉంది. దాన్ని దక్షిణామూర్తిగారే ఉంచారు. తరువాతి తరాలకి తెలియాలి కదా అని గదికి రంగులు వేయించి, మంచం చుట్టూ ఎర్రతాడు కట్టించి, 'శయనయుగ స్మారక మందిరం' అని బోర్డు పెట్టించారు. పక్క జిల్లాల అధికార బృందాలు వచ్చి చూసిపోతున్నాయి. మంచం మీద రోగి ఉంటే బాగుంటుందని చీరల దుకాణం నుంచి ఒక బొమ్మను తెప్పించి పడుకోబెట్టారు. చిక్కేమిటంటే ఆ బొమ్మకి ఎడమచెయ్యి లేదు, పైగా కంచిపట్టు కట్టుకున్న ధీమాతో నవ్వుతూ ఉంటుంది. క్రితం నెల కమిషనరుగారు వచ్చినప్పుడు, శయనయుగపు దైన్యం ఇందులో ప్రతిఫలించడం లేదని పెదవి విరిచారు. సోమవారం మళ్ళీ వస్తున్నారు. దక్షిణామూర్తిగారికి నాలుగు రోజులుగా నిద్ర లేదు. పడుకునే ఉంటున్నారట గానీ పట్టడం లేదట.

బుధవారం మార్తమ్మ తెల్లకాగితం తీసుకుని, జీవితంలో మొదటిసారి ఆఫీసు భాషలో ఒక నోటు రాసింది. "స్మారక మందిరమునందలి ప్రదర్శన వస్తువునకు జీవకళ లోపించిన కారణమున, సజీవ ప్రదర్శన వస్తువును నెలకొల్పుట సముచితమని మనవి. సదరు వస్తువు నలభైరెండు దినములు మంచము దిగరాదు, ఏ పనియు చేయరాదు. పాతకాలపు వాస్తవికతకై పూటపూటా పాలు, గుడ్డు, పప్పన్నము అందజేయవలెను. పురావస్తువులను తరచుగా కదిపినచో దెబ్బతినును గనుక సాయంత్రము ఐదు తరువాత కూడ యథాస్థానముననే ఉంచవలెను."

దక్షిణామూర్తిగారు అది రెండుసార్లు చదివారు. మూడోసారి లేచి నిలబడి చదివారు. మీలో ఇంత దార్శనికత ఉందని ఇన్నాళ్ళూ గ్రహించలేకపోయాను సిస్టర్ అంటూ సంతకం పెట్టారు. ఒక షరతు మాత్రం రాశారు: వస్తువు చూపరులకు నిజంగా రోగిలాగే కనిపించవలెను. ఆ విషయంలో శాయశక్తులా ప్రయత్నిస్తానని మార్తమ్మ హామీ ఇచ్చింది.

గురువారం ఆపరేషన్ అయింది. నాలుగూ ఇరవైకి ఫొటో ఆపరేటరు బకెట్టు పట్టుకుని వచ్చాడు. మార్తమ్మ అతనికి స్టాకు రిజిస్టరు చూపించింది. సూరీడమ్మ మూడింటికే అందులో ఎక్కింది, ఇనప బీరువాకీ గోడగడియారానికీ మధ్య: 'ప్రదర్శన వస్తువు, సజీవము, ఒకటి.' వస్తువుకి కిట్టు ఇవ్వడానికి నిబంధనల్లో చోటు లేదని ఆపరేటరు కూడా ఒప్పుకుని వెళ్ళిపోయాడు.

అప్పన్న వచ్చి గుమ్మం దగ్గర కేకలు మొదలుపెట్టబోయాడు. ఇంట్లో కూడెవరు వండుతారన్నాడు. నీ పెళ్ళానికి సర్కారు కొలువు వచ్చిందని, నలభైరెండు రోజులు ఇక్కడే డ్యూటీ అని మార్తమ్మ చెప్పింది. ఏం డ్యూటీ అన్నాడు. పడుకోవడం అంది. అయితే ఎల్లుండి దానికి మునగాకు పప్పు తెస్తానన్నాడు. ఆ సాయంత్రం అతను కావడి భుజాన వేసుకుని బోరింగు దగ్గరికి వెళ్ళడం వీధి వీధంతా చూసింది. ఆపరేషన్ అయిన పెళ్ళానికి మొయ్యని నీళ్ళు, కొలువు చేసే పెళ్ళానికి మోశాడు. మార్తమ్మకి అది విని నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

సోమవారం కమిషనరుగారు వచ్చారు. ఎర్రతాడు ఇవతల నిలబడి సూరీడమ్మను కన్నార్పకుండా చూశారు. సూరీడమ్మ దుప్పటి గడ్డందాకా లాక్కుని, ఫ్యాను వంక చూస్తూ పడుకుంది. వెంట వచ్చిన అధికారులు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

"చూడండి. ఈమె ఏమీ చేయడం లేదు. ఒకప్పుడు మన వ్యవస్థ ఇలాంటి దృశ్యాలను సహించింది," అన్నారు కమిషనరుగారు. ఆ తరువాత వంగి, ఆ కాలంలో ఎలా ఉండేదో నటిగా మీ అనుభూతి చెప్పండి అని వస్తువునే అడిగారు.

"సుకంగా ఉందండి బాబూ," అంది సూరీడమ్మ.

ఆ అమాయకత్వాన్ని ఎంత సహజంగా పోషించిందో అని కమిషనరుగారు దక్షిణామూర్తిగారి భుజం తట్టారు. మందిరానికి రాష్ట్రస్థాయి పురస్కారం సిఫారసు చేస్తూ కారెక్కారు.

దక్షిణామూర్తిగారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. మరుసటి ఆదివారం తన తల్లి సోమిదేవమ్మగారిని వెంటబెట్టుకుని వచ్చారు, కొడుకు ఘనత చూపిద్దామని. డెబ్బై దాటిన మనిషి. గుమ్మం పట్టుకుని మెల్లిగా, పాదాలు ఎడంగా వేస్తూ నడిచింది. ఆ నడక చూడగానే మార్తమ్మకు అర్థమైంది. అలాంటి నడకలు వేలకివేలు చూసింది. కొడుకు మాత్రం బోర్డు చదివి వినిపించడంలో మునిగిపోయారు. 'గర్భసంచి జారిన స్త్రీ. శయనయుగం చివరి దశ.'

సోమిదేవమ్మగారు తాడు పట్టుకుని అలా నిలబడిపోయింది. కొడుకు ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్ళగానే, మార్తమ్మ చెవిలో, "ఈ అమ్మాయిని ఇలా పడుకోనిస్తున్నారా? ఎవరూ ఏమీ అనటంలేదా?" అని అడిగింది. తరువాత ఇంకో మాట అడిగింది. అది మార్తమ్మ ఎవరికీ చెప్పలేదు, డాక్టర్ వసుంధరకు తప్ప.

పదిరోజుల తరువాత సోమిదేవమ్మగారికి ఆపరేషన్ జరిగింది. తన తల్లి అయినంత మాత్రాన నిబంధనలు సడలించేది లేదని దక్షిణామూర్తిగారు పొద్దున్నే ప్రకటించారు. మాట మీద నిలబడే మనిషి. మధ్యాహ్నం తల్లి స్టీలు బల్ల మీద, ఇద్దరు బట్టీకూలీల నడుమ కూర్చుంది. మూడున్నరకి కుళాయిలు తిప్పారు. నాలుగు దాటాక మూత్రం అయింది. నాలుగూ ముప్పావుకి ఆపరేటరు బకెట్టు తెచ్చి ఆవిడ కాళ్ళ ముందు పెట్టాడు.

సోమిదేవమ్మగారు కొడుకు పరువు పోకూడదనుకుందో ఏమో, చెంగు నడుముకు దోపుకుని వంగబోయింది. దక్షిణామూర్తిగారు ఒక్క అంగలో వచ్చి బకెట్టు పట్టుకున్నారు. తానే ఎత్తి ఛాతీకి ఆనించుకుని ఫొటో తీయమన్నారు. యాప్ ఆయన మొహాన్ని తిరస్కరించింది. లబ్ధిదారు కాని వ్యక్తి అని ఎర్రగా రాసింది. పద్నాలుగు కిలోలు ఎంత ఉంటాయో ఆయనకి ఇన్ని నెలల్లో అదే మొదటిసారి తెలియడం. బకెట్టు దింపి, నడుం పట్టుకుని, ఇంటికి తీసుకెళ్ళిపోతాను, చీటీ లేకపోయినా పరవాలేదన్నారు.

"ఇంటికొద్దురా," అంది తల్లి. "అక్కడికెళ్తే పొయ్యి దగ్గరికే పోతాను. ఆ ఇంట్లో పడుకోవడం నాకు చేతకాదు. ఎప్పుడూ పడుకోలేదు."

దక్షిణామూర్తిగారు గడియారం చూశారు. ఐదుకి ఎనిమిది నిమిషాలుంది. ఆ తరువాత తల్లి నిల్వ అవుతుంది. కారిడారు చివరికి నడిచి వచ్చి, మార్తమ్మ ఎదుట నిలబడ్డారు.

"మందిరంలో ఖాళీ ఏమైనా ఉందా సిస్టర్?"

"ఒకటే పోస్టండి. భర్తీ అయింది. వస్తువుని నలభైరెండు రోజులు కదపకూడదని తమరి సంతకమే ఉంది."

ఈ మాట అనడానికి మార్తమ్మ చాలారోజులుగా ఎదురుచూసింది. తీరా అన్నాక అనుకున్నంత సంతోషం కలగలేదు. బల్ల మీద ముసలావిడ తల పక్కనున్న కూలీమనిషి భుజం మీదకి వాలిపోతోంది. మార్తమ్మ సొరుగులోంచి తెల్లకాగితం తీసి ఆయన ముందు పెట్టి, తానే చెప్పి రాయించింది. 'శయనయుగమును సమగ్రముగా అవగాహన చేసుకొనుటకు తులనాత్మక అధ్యయనము అవసరము గనుక, రెండవ మంచమును తక్షణమే ప్రతిష్ఠింపవలెను.' ఆయన రాసి, 'రెండవ మంచమును' అన్నది కొట్టేసి 'మరి మూడు మంచములను' అని దిద్దారు. బల్ల మీద ఉన్న మిగతా ఇద్దరినీ ఆయన అప్పుడే చూసినట్టున్నారు. షెడ్డులోంచి మంచాలు వచ్చాయి. ఐదుకి రెండు నిమిషాలు ఉండగా స్టాకు రిజిస్టరులో మూడు వస్తువులు ఎక్కాయి.

మరునాడు పక్క జిల్లా బృందం వచ్చింది. ఎర్రతాడు పొడుగు చేశారు. 'ప్రదర్శన వస్తువులను తాకరాదు, పలకరించరాదు' అని కొత్త బోర్డు పెట్టారు. వస్తువులు ఒకదాన్నొకటి పలకరించుకోకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. దక్షిణామూర్తిగారు బెత్తం పట్టుకుని పడకవల్ల కలిగే అనర్థాల గురించి చెబుతున్నారు. తాడుకు అవతల రెండో మంచం మొదటి మంచం వైపు తిరిగింది.

"నీకు ఎన్నేళ్ళయిందమ్మా జారి?"

"ఎనిమిదేల్లండి. మరి తమరికో?"

"పన్నెండు."

"అన్నేల్లా? ఎవులికీ సెప్పనేదేటమ్మా?"

"ఎవరికి చెప్పను తల్లీ? ఇంట్లో ఉన్నది డాక్టరు."

బెత్తం గాలిలో ఆగిపోయింది. దక్షిణామూర్తిగారు చెబుతున్న వాక్యం సగంలోనే ఉంది, బృందం వాళ్ళు పెన్నులు పట్టుకుని మిగతా సగం కోసం చూస్తున్నారు. ఆయన తల్లి వైపు చూస్తున్నారు. మార్తమ్మ ముందుకొచ్చి ఆయన చేతిలోంచి బెత్తం తీసుకుని, కిటికీ రెక్కలు దగ్గరికి వేసింది. వస్తువులు పడుకునే వేళయింది, ఇక వెళ్ళిరండని అందర్నీ బయటికి పంపేసింది. సూపరింటెండెంటుగారికి మాత్రం తల్లి మంచం పక్కన ఒక స్టూలు వేసింది.